సంచి పెట్టిన సీటు

రాకపోతే రాకపోయాడు, ఫోనైనా ఎత్తొచ్చు కదా, చేతికి స్టీరింగు వచ్చి నిండా నెల కాలేదు, అప్పుడే కట్టుకున్నదాన్ని ల్యాబు గేటు ముందు నిలబెట్టేంత గొప్పవాడైపోయాడు మహానుభావుడు, అని పళ్ళు నూరుకుంటూ ఆమె బస్సెక్కేసింది, పళ్ళు నూరడం ఆమెకేం కొత్త కాదు, పొద్దుట్నుంచీ చేసిన పని అదే, కట్టుడు పళ్ళు మైనంలో వరసగా నిలబెట్టి, అచ్చు పోసి, నూరి, నునుపు చేసి బోసినోళ్ళకి పంపించే ల్యాబులో ఉద్యోగం, గోళ్ళ సందుల్లో చిగుళ్ళ రంగు పొడి ఇంకా అలాగే ఉంది, ఆ చేత్తోనే బస్సు కడ్డీ పట్టుకుంది, పట్టుకోగానే ఆ ఇనుప చల్లదనం అరచేతిలోకి పాకి, అరే, ఎన్నాళ్ళయింది నిన్ను ముట్టుకుని అనిపించి కోపం మధ్యలో నవ్వు రాబోయింది, ఛీ, ఇప్పుడు నవ్వకూడదు, కోపంగా ఉన్నాను, అసలు ఈరోజు ఎంత మంచి రోజు కావాల్సింది, అత్తగారూ పాపా మధ్యాహ్నమే బావగారింటికి వెళ్ళిపోయారు, బావగారంటే మొగుడికి అన్నగారు, ఈ కారు ఆయనదే, పెద్దది కొనుక్కుంటున్నాను కనుక దీన్ని మీరు తీసుకోండి, ముందొక నెల వాడి చూసుకోండి, నచ్చితే ఉంచేసుకోండి, లేదంటే ఎదురింటివాళ్ళు అడుగుతున్నారు, అని తాళాలు చేతిలో పెట్టాడు పాపం, ఈ రాత్రి భోజనాల దగ్గర జవాబు చెప్పాలి, కావాలో వద్దో, అక్కడిదాకా కారులో ఇద్దరే, మొదటిసారి ఇద్దరే, ఎన్నో మాట్లాడుకోవచ్చనుకుంది, అందులో అతి ముఖ్యమైన మాటొకటి గొంతుదాకా వచ్చి నెల రోజులుగా అక్కడే కూర్చుంది, తీరా చూస్తే మనిషీ లేడు కారూ లేదు, ఎప్పటి బస్సే ఎప్పటిలాగే మూలుగుతూ వచ్చి ముందు ఆగింది, కాళ్ళు వాటంతటవే ఎక్కేశాయి, కాళ్ళనని ఏం లాభం.

ఏమ్మా, ఊళ్ళో లేవా, కనపడ్డమే మానేశావు, అంది కండక్టరమ్మ, మెడలో సంచీ, చెవి వెనకాల పెన్నూ, నెల రోజుల్లో ఏమీ మారలేదు, ఊళ్ళోనే ఉన్నానక్కా, కారులో తిరుగుతున్నాను, అని చెప్పడానికి ఎందుకో సిగ్గేసింది, వేరే ఇంటికి కాపురం మార్చి పాత పక్కింటామెకి ఎదురుపడ్డట్టు, కొంచెం పనులక్కా, అని నసిగింది, పనులేం పనులు, నిజం చెప్పుకోవాలంటే ఈ కారు కావాలని ఇల్లెక్కి కూసింది తనే, ఇంకెవరూ కాదు, ఎన్నేళ్ళుగా కూసింది, వానలో తడిసినప్పుడల్లా, ఎవరి గొడుగు నీళ్ళో తన జాకెట్టులోకి కారినప్పుడల్లా, పాపకి జ్వరం వచ్చి ఒక్క టాక్సీ అయినా ఆగక చంకనేసుకుని పరిగెత్తిన ఆ సాయంత్రం నుంచీ మరీనూ, మనకీ ఒక కారుంటే, మనకీ ఒక కారుంటే, అని జపం చేసింది, చివరికి అతను అన్నగారి దగ్గర నోరు తెరిచి అడిగాడు, అడగడం చచ్చినా ఇష్టముండదు అతనికి, అయినా అడిగాడు, ఆమె కోసమే, అలాంటిది ఇప్పుడు వెళ్ళి, ఏవండీ, నాకు కారు వద్దండీ, అంటే ఏ మొహం పెట్టుకుని అనడం, నవ్వరూ నలుగురూ, అత్తగారు ఊరుకుంటుందా, ఆవిడకి కారంటే ప్రాణం, ముందు సీటులో కూర్చుని వాకిట్లో కనపడిన ప్రతివాళ్ళకీ చెయ్యి ఊపుతుంది, మోకాళ్ళ నొప్పులావిడ, బస్సు మెట్లంటే హడలు, ఆవిడ సుఖం కాదనడానికి తనెవరు, కారులో సుఖం లేదని ఎవరన్నారు, ఉంది, చల్లగా ఉంటుంది, మెత్తగా ఉంటుంది, ఎవడి మోచెయ్యీ పక్కలో దిగదు, మరేమిటమ్మా నీ బాధ, అదే తెలిసి చావదు, తెలిస్తే చెప్పేదే కదా.

కిటికీ పక్క సీటు ఖాళీగా దొరికింది, కూర్చుంది, కూర్చోగానే కుడి చెయ్యి భుజం మీదకి వెళ్ళి దేనికోసమో తడుముకుంటోంది, ఏమిటా అని చూస్తే బెల్టు కోసం, బస్సులో సీటు బెల్టు కోసం వెతుకుతున్నందుకు పక్క వరసలో ముసలాయన వింతగా చూశాడు, ఆమె గబుక్కున జడ సర్దుకున్నట్టు నటించింది, ఆ తత్తరపాటులోనే చేతిసంచి తీసి పక్క సీటులో పెట్టింది, పెట్టిన తరువాత గాని తెలియలేదు తనేం చేసిందో, ఇది అతని సీటు, మూడు స్టాపుల తరువాత, లిఫ్టులు బాగుచేసే కంపెనీ ముందు అతను ఎక్కేవాడు, అప్పటిదాకా ఈ సంచి కాపలా, ఎంతమందితో మాట పడలేదు ఈ సీటు కోసం, ఎవరున్నారమ్మా ఇక్కడ, వస్తున్నారండీ, ఎక్కడున్నారు, వచ్చే స్టాపులోనండీ, ఈ బస్సేమన్నా మీ ఇల్లా అని ఒకాయన కసిరాడు కూడా ఒకసారి, తీసెయ్యాలి, ఇవాళ ఎవరూ రారు, తీసేస్తాను, ఇదిగో ఇప్పుడే, అనుకుంటూ తియ్యలేదు, ఎందుకంటే అప్పుడే ముసలాయన పక్కనున్న పెద్దావిడ ఏదో అంటే ఆయన చిన్నగా నవ్వాడు, పై వరసలో ముందు పన్ను ఒకటి కొద్దిగా, రవ్వంత, పక్కకి తిరిగి ఉంది, ఆ పన్ను తనదే, తను నిలబెట్టిందే, అన్నీ తిన్నగా అమర్చాక డాక్టరు దగ్గర్నుంచి కబురొచ్చింది, వాళ్ళావిడ ఒప్పుకోవట్లేదు, పెళ్ళప్పుడు ఆ పన్ను వంకరగా ఉండేదట, అలాగే ఉండాలట అని, పళ్ళు తిన్నగా పెట్టమని పోరే లోకంలో వంకర కావాలన్న మనిషెవరబ్బా అని ల్యాబంతా నవ్వుకున్నారు, మైనం వేడిచేసి ఆ ఒక్క పన్నూ తిప్పింది తనే, ల్యాబుకి వచ్చేవన్నీ తెల్లటి అచ్చు నోళ్ళు, అవి నవ్వవు, తినవు, తిట్టవు, డబ్బాలో పెట్టి పంపించేస్తే అక్కడితో సరి, అవి ఏ నోట్లో ఎలా బతుకుతున్నాయో చూసుకునేది ఒక్క ఈ బస్సులోనే, నెల రోజులుగా కారు అద్దంలోంచి ఆమె చూసిందేమిటి, ముందు బండి నెంబరు, దాని ముందు బండి నెంబరు, ఎర్ర దీపం.

ఇంకా ఏం చూసింది, అత్తగారి కొప్పు చూసింది, నెల రోజులూ వెనక సీటులో కూర్చుని ఆ కొప్పే చూసింది, ఎందుకంటే సొంత కారు వచ్చిన రోజునుంచీ అది సొంతం కాకుండా పోయింది, అత్తగారికి చెల్లెలి మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది, పొద్దున అక్కడ దింపండి సాయంత్రం తీసుకురండి, పాపకి బడి బస్సు చేదయింది, ఇక పక్కింటి లెక్కల మాస్టారు, దారే కదమ్మా, అంటూ మొదటిరోజు మొహమాటంగా, రెండోరోజు మామూలుగా, మూడోరోజునుంచి మనకంటే ముందు వచ్చి కారు దగ్గర నిలబడి గడియారం చూసుకుంటూ, అతనేమో పంటి బిగువున స్టీరింగు పట్టుకుని, కోపమంటే ఏమిటో తెలియని మనిషి, లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు లోపల్నుంచి బండబూతులు తిట్టినా, వస్తున్నానండీ, కంగారు పడకండి, అని పాటలాగా చెప్పే మనిషి, రోడ్డు మీద ఎవరో అడ్డమొస్తే అద్దం దింపి అరవడం నేర్చుకున్నాడు, అరిచాక తనే దిగులుపడతాడు, బస్సులో రోజూ చెప్పే లిఫ్టు కథల్లో ఒకటి కూడా అలాగే ఆగిపోయింది, కారు వచ్చిన మొదటి వారం మొదలుపెట్టాడు, ఒక అపార్టుమెంటు సెక్రటరీ, కుక్కల్ని లిఫ్టులో ఎక్కించరాదు అని పెద్ద పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించిన పెద్దమనిషి, ఒకరోజు ఒక పెద్దావిడా ఆవిడ కుక్కా లోపలున్న లిఫ్టులోనే ఇరుక్కుపోయాడు, రెండు అంతస్తుల మధ్య, చాలాసేపు, ఇతను వెళ్ళి కష్టపడి తలుపు తెరిచేసరికి, అని చెప్పి, ఏయ్, గుడ్డివాడివా, అని లారీని తిట్టి, ఆ తరువాత మాస్టారు పెట్రోలు గురించి ఏదో ఎత్తుకుని, అత్తగారు నన్ను ఇక్కడే దింపు అని, ఇక అంతే, నెల రోజులుగా ఆ లిఫ్టు తలుపు తెరుచుకుని అలాగే ఉంది, లోపల ఏముందో ఆమెకి తెలియలేదు, ఇంట్లో అడుగుదామంటే రెండు గదుల ఇల్లు, ఒక గదిలో అత్తగారు, ఒక గదిలో మధ్యలో పాప, వంటింట్లో కుక్కరు, అత్తగారి ముందు అతన్ని మీరు అంటుంది, మీరు భోంచేస్తారా, మీరు గ్యాసు బండ గురించి చెప్పారా, ఈ బస్సులోనేమో నువ్వు, ఒరేయ్ అని కూడా అనేసింది ఒకసారి, కారు పుణ్యమా అని ఇప్పుడు పొద్దున కూడా మీరు, సాయంత్రం కూడా మీరు, నువ్వు అనడం మరిచిపోయేలా ఉంది.

బస్సు ఆగింది, ఆమె కిటికీలోంచి చూడలేదు, ఎందుకు చూడాలి, ఎక్కేవాళ్ళు ఎక్కుతారు, జరగండి జరగండి అని కండక్టరమ్మ, ఎవరో సారీ సారీ అంటూ అందర్నీ తప్పించుకుంటూ లోపలికి వస్తున్నారు, ఆ సారీ రెండుసార్లు అనడం, రెండోది కొంచెం సాగదీయడం, ఆమెకి బాగా తెలిసినవే, తల తిప్పేలోగా పక్క సీటులోంచి సంచి లేచింది, ఎప్పటిలాగే, ఆమె ఒళ్ళో పడింది, ఎప్పటిలాగే, అతను సీటులో కూలబడి హమ్మయ్య అని కాళ్ళు చాపుకున్నాడు, చొక్కా చేతులకి గ్రీజు, జుట్టులో దుమ్ము, ఎప్పటిలాగే, నవ్వుతూ, ఇవాళ ఏమైందో తెలుసా, మా ఆఫీసు పక్కన ఆసుపత్రి లిఫ్టు మొరాయించింది, పొద్దుట్నుంచీ దాని కింద గొయ్యిలోనే ఉన్నాను, ఇప్పుడే బయటపడి పరుగెత్తుకొచ్చాను, కొంచెం ఉంటే బస్సు పోయేది, అన్నాడు, ఆమె నోరెళ్ళబెట్టింది, బస్సు పోయేదట, కారేదిరా నాయనా, అని అడగడానికి పెదవులు విడిపోయాయి, అతని జేబులో కారు తాళాలు ఆమె తొడకి గుచ్చుకుంటున్నాయి, స్పష్టంగా, చెప్పాలంటే నొప్పిగా, అతనికి తెలియడం లేదు, అసలు గుర్తే లేదు, ఆఫీసు వెనకాల షెడ్డులో అన్నగారి కారు నిలబెట్టి, పెళ్ళాన్ని తీసుకురావాలన్న సంగతి మరిచి, నెల రోజుల సంగతి మొత్తంగా మరిచి, తడుముకోకుండా తన సీటు దగ్గరికి వచ్చేశాడు, వెతకనైనా వెతకలేదు, ఆమె అక్కడ ఉంటుందని, సంచి అడ్డం పెట్టి ఉంచుతుందని, అంత ధీమాగా, వీడి ధీమా కాలిపోను, ఆమె కడుపులోంచి ఏదో గలగలా పొంగుకొస్తోంది, నోరు మూసుకుంది, చెప్పకూడదు, ఇప్పుడే చెప్పకూడదు, ఇంకొంచెంసేపు, పాపం పనిచేసీ చేసీ అలిసిపోయాడు అనుకుంది, పాపం కాదు ఏమీ కాదు, తనకి కావాలి, ఈ కొంచెంసేపూ తనకి కావాలి, దొంగతనమైనా సరే కావాలి.

అది సరే గానీ, అన్నాడు అతను, నీకు ఆ సెక్రటరీ కథ చెప్పడం పూర్తి చెయ్యనే లేదు కదూ, ఎక్కడిదాకా చెప్పాను, తలుపు తెరిచేసరికి, అంది ఆమె, ఆఁ, తలుపు తెరిచేసరికి, ఆగు, ఈ ఫోను మోగేలా పెడతాను, గొయ్యిలో ఉన్నంతసేపూ నోరు మూయించాను దీన్ని, అని జేబులోంచి తీసి అలా పెట్టాడో లేదో అదే మోగింది, బావగారు, బావగారి గొంతుకి స్పీకరు అక్కర్లేదు, రెండు వరసలకి వినపడుతుంది, ఏరా, బయల్దేరారా, ఆ, దారిలోనే ఉన్నాం అన్నయ్యా, కారు ఎలా ఉంది మరి, ఏమంటావు, ఇవాళ చెప్పాలి కదా, బ్రహ్మాండంగా ఉంది అన్నయ్యా, వెన్నలా పోతోంది, అన్నాడు అతను కిటికీలోంచి బయటికి చూస్తూ, తలుపుకి వేలాడే కుర్రాళ్ళని చూస్తూ, అలుపే తెలియట్లేదు, అంతా బాగానే ఉంది గానీ అదేమిట్రా, నీళ్ళ ట్యాంకు దిగేవాళ్ళు ముందుకు రండి అంటున్నారెవరో, అదా, కండక్టరమ్మలే అన్నయ్యా, అని మామూలుగా చెప్పేసి, ఆగిపోయాడు, కండక్టరమ్మ అన్న మాట అతని చెవుల్లోంచి లోపలికి దిగడం, అక్కడ దేన్నో తట్టి లేపడం ఆమె కళ్ళారా చూసింది, చెయ్యి మెల్లగా జేబు మీదకి వెళ్ళింది, తాళాలు గలగలమన్నాయి, అతను లేచి నిలబడ్డాడు, ఆపండి, ఆపండి, నా కారు, అని కేకపెట్టాడు, ఏమైంది సార్, ఏమన్నా పోయిందా, అని కండక్టరమ్మ పరుగున వచ్చింది, పోలేదండీ, మర్చిపోయాను, ఏం మర్చిపోయారు, కారు, కారా, ఎక్కడ, ఆఫీసులో, ముందుగా కండక్టరమ్మే మొదలుపెట్టింది, గొడుగు మర్చిపోయినవాళ్ళని చూశాను, టిఫిను డబ్బా మర్చిపోయినవాళ్ళని చూశాను, అంటూ కడ్డీకి చేరగిలబడి నవ్వడం, ఇక బస్సు మొత్తం పడీ పడీ నవ్వింది, డ్రైవరు అద్దంలోంచి చూసి నవ్వాడు, పక్క వరసలో ముసలాయన నోరంతా తెరిచి నవ్వాడు, పై వరసా కింది వరసా, ఆ వంకర పన్నుతో సహా, తన పళ్ళు అంత హాయిగా నవ్వగలవని ఆమెకి తెలియదు, వాళ్ళావిడ ఆయన నోటి వంక చూస్తున్న చూపు చూసి ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అతను మాత్రం బిక్కమొహం వేసుకుని దిగడానికి సిద్ధమయ్యాడు, నువ్వుండు, నేను వెనక్కి వెళ్ళి తీసుకొస్తాను, అయ్యో, నిన్ను తీసుకురావాలి కదూ నేను, ఎంతసేపు నిలబడ్డావో, కూర్చో, అంది ఆమె, అది కాదు, కూర్చోమన్నానా, అని చొక్కా పట్టుకుని లాగింది, అతను కూర్చున్నాడు, బావగారు ఇంకా లైన్లోనే ఉన్న ఫోను ఆమె తీసుకుంది, బావగారూ, నేనండీ, మా ఇద్దరికీ ఆ కారు వద్దండీ, ఎదురింటివాళ్ళకి ఇచ్చెయ్యండి, గొంతులో నెల రోజులుగా కూర్చున్న మాట లేచి వెళ్ళిపోయింది, ఇంత తేలికా అనిపించింది, నువ్వే కదే కావాలన్నావు, అన్నాడు అతను తెల్లబోయి, అవును, నేనే అన్నాను, నేనే వద్దంటున్నాను, నవ్వుకుంటే నవ్వుకోండి, నీకిష్టమని తోలాను గానీ, అని అతను ఆమె చెవిలో చెప్పాడు, మన బస్సు పక్కనుంచి పోయినప్పుడల్లా మన సీటులో ఎవరు కూర్చున్నారా అని చూస్తుండేవాడిని, అవతల బావగారు నవ్వీ నవ్వీ దగ్గుతున్నాడు, మంచిపని, వాడికి ఎడ్లబండి ఇచ్చినా ఎడ్లని వదిలేసి వస్తాడు, కానీ అమ్మ మూతి ముడుచుకుంటుంది, అది నువ్వు చూసుకో తల్లీ, చూసుకుంటానండీ, అత్తయ్యకి కావాల్సినప్పుడల్లా టాక్సీ పిలిచి నేనే తీసుకెళ్తాను, అంది, అన్నాక తెలుసు, అత్తగారు వారం రోజులు మాట్లాడదు, వానాకాలం రానే వస్తుంది, ఎవరి గొడుగు నీళ్ళో మళ్ళీ జాకెట్టులోకి కారతాయి, అప్పుడు ఈ రోజునీ ఈ నోటినీ తిట్టుకుంటుంది, తిట్టుకుంటే తిట్టుకుంది, ఫోను అతని చేతిలో పెట్టేసి, ఊఁ, తలుపు తెరిచేసరికి, అంది.

తలుపు తెరిచేసరికి ఏముంది, సెక్రటరీ గోడకి చేరగిలబడి కాళ్ళు చాపుకుని గుర్రుపెట్టి నిద్ర, ఆయన ఒళ్ళో తల పెట్టుకుని కుక్క నిద్ర, పెద్దావిడ పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని నోటి మీద వేలు పెట్టుకుంది, ష్, ఇంటికెళ్తే ఈయనకి నిమిషం తీరికుండదట బాబూ, ఫిర్యాదులూ, మీటింగులూ, ఇప్పుడే కునుకు పట్టింది, ఆ తలుపు మళ్ళీ వేసెయ్యి, కాసేపాగి రా, అంది, మరి నువ్వేం చేశావ్, వేసేశాను, అన్నాడు అతను, వేసి బయట మెట్ల మీద కూర్చుని కాపలా కాశాను, ఆమె నవ్వుతూనే ఉంది, నవ్వుతూనే అతని భుజానికి తల ఆనించింది, గ్రీజు వాసన, దుమ్ము వాసన, తన గోళ్ళలో చిగుళ్ళ రంగు పొడి, బయట తమ స్టాపు వచ్చింది, తమ వీధి, తమ ఇంటి మేడ మెట్లు, కనపడీ కనపడకుండా వెలుగుతున్న దీపం, దిగేవాళ్ళు దిగారు, బావగారిల్లు చివరి స్టాపు, ఇవాళ అక్కడిదాకా పోవచ్చు, ఇద్దరే ఎప్పుడూ పోలేదు అంత దూరం, ఇంకా దిగేవాళ్ళున్నారా, అని కండక్టరమ్మ వీళ్ళవంకే చూస్తూ అడిగింది, లేరక్కా, తలుపు వేసెయ్యి, అంది ఆమె, బుస్సుమని తలుపు మూసుకుంది, అప్పుడు తెలిసింది ఆమెకి, తెలిసి ఎంత ఆశ్చర్యమేసిందంటే అతనికి కూడా వెంటనే చెప్పలేకపోయింది, ఇన్నేళ్ళూ ఇంట్లో మూడో గది లేదని ఏడ్చింది గానీ, ఇంతమంది ఎక్కి దిగుతున్న ఈ బస్సులో, సంచి పెట్టి కాపాడుకున్న ఈ రెండు సీట్లే వాళ్ళ గది.